బాస్కెట్‌బాల్ ప్లేయర్లకి స్ప్రింట్ ట్రైనింగ్: నాలుగో క్వార్టర్‌లో కూడా స్పీడ్ తగ్గకుండా ఉండాలంటే

ఈ ఎపిసోడ్‌లో బంతి గురించి తక్కువ మాట్లాడుకుందాం. కాళ్ళ గురించి, ఊపిరి గురించి ఎక్కువ మాట్లాడుకుందాం. ఆడే పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, స్కూళ్ళల్లో ఆటలు నేర్పే పీఈటీ సార్లు, మేడమ్‌లు అందరికీ పనికొచ్చే విషయం ఇది.

మన దగ్గర ఏ ఊళ్ళో గ్రౌండ్‌కి వెళ్ళినా పొద్దున్నే ఒక దృశ్యం కనపడుతుంది. బాస్కెట్‌బాల్ పిల్లలు వచ్చీ రాగానే గ్రౌండ్ చుట్టూ రౌండ్లు మొదలుపెడతారు. ఐదు రౌండ్లు, పది రౌండ్లు. ఎందుకయ్యా అంటే "స్టామినా రావాలి కదండీ" అంటారు. ఉద్దేశం మంచిదే. కానీ అదే పిల్లలు మ్యాచ్‌లో మూడో క్వార్టర్ సగం అయ్యేసరికి డిఫెన్స్‌కి నడుచుకుంటూ వస్తారు. ఎదుటి టీమ్ వాళ్ళు ఫాస్ట్ బ్రేక్‌లో లేఅప్ మీద లేఅప్ వేసుకుంటూ పోతారు. కోచ్‌కి కోపం వస్తుంది. మర్నాడు ఇంకో ఐదు రౌండ్లు పెంచుతారు. రోగం ఒకటి, మందు ఇంకొకటి అన్నట్టు తయారవుతుంది వ్యవహారం.

ఎందుకిలా అవుతుంది? దీనికి జవాబు దొరకాలంటే ముందు ఆటలో కాళ్ళు ఏం చేస్తున్నాయో చూడాలి.

ఆటలో నిజంగా ఎంత పరిగెడతారు?

బాస్కెట్‌బాల్ కోర్ట్ పొడవు 28 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు. ఫీబా రూల్స్ ప్రకారం 10 నిమిషాల క్వార్టర్లు నాలుగు. ఒక పెద్ద మ్యాచ్‌లో ఎక్కువ సేపు ఆడిన ప్లేయర్ తిరిగిన దూరమంతా కలిపితే సుమారు ఐదారు కిలోమీటర్లు వస్తుంది. ఈ అంకె వినగానే "అయితే రోజూ ఐదు కిలోమీటర్లు పరిగెత్తిస్తే సరిపోతుంది" అనిపిస్తుంది. ఇక్కడే మనం పొరపడేది. ఆ ఐదు కిలోమీటర్లూ ఒకే పరుగు కాదు. ముక్కలు ముక్కలు.

ఎన్ని ముక్కలు? ఆస్ట్రేలియా నేషనల్ లీగ్ ప్లేయర్ల మీద చేసిన ఒక అధ్యయనం 1995లో వచ్చింది. మ్యాచ్ వీడియోలు పెట్టుకుని ప్రతి కదలికనీ లెక్కపెట్టారు. ఒక్కో ప్లేయర్ మ్యాచ్‌లో సగటున వెయ్యి సార్లు కదలిక మార్చాడు. నడక నుంచి పరుగు, పరుగు నుంచి జంప్, జంప్ నుంచి పక్కకి డిఫెన్స్ స్లైడ్, ఇలా. అంటే బంతి ఆటలో ఉన్నప్పుడు ప్రతి రెండు సెకన్లకీ ఒక మార్పు. ఫుల్ స్పీడ్ పరుగులు సుమారు 105. ఒక్కోటి ఎంతసేపు? సగటున 1.7 సెకన్లు, అంతే. అలాంటి పరుగు ప్రతి 21 సెకన్లకి ఒకటి వస్తోంది. ఆడుతున్నంతసేపూ గుండె వేగం దాని గరిష్ఠ వేగంలో 89 శాతం దగ్గర ఉంది.

ఈ లెక్క ఒకసారి మనసులో పెట్టుకోండి. రెండు సెకన్లు పేలాలి, ఇరవై సెకన్లలో కోలుకోవాలి, మళ్ళీ పేలాలి. ఇలా వంద సార్లు. బాస్కెట్‌బాల్‌లో దమ్ము అంటే ఇదే.

ఆట మొదట్నుంచీ ఇలా లేదు. 1950లో అమెరికాలో ఫోర్ట్ వేన్ పిస్టన్స్, మినియాపొలిస్ లేకర్స్ మధ్య ఒక ఎన్‌బీఏ మ్యాచ్ జరిగింది. స్కోర్ ఎంతో తెలుసా? 19–18. మొత్తం మ్యాచ్‌కి! ముందంజలో ఉన్న టీమ్ బంతి పట్టుకుని కూర్చుంటే ఎవరూ ఏమీ చేయలేని రోజులవి. అందుకే 1954లో 24 సెకన్ల షాట్ క్లాక్ తెచ్చారు. ఫీబాలో చాలాకాలం 30 సెకన్లు ఉండేది, 2000లో దాన్ని కూడా 24 చేశారు. సొంత సగం దాటడానికి ఉన్న 10 సెకన్లని 8 చేశారు. రూల్ మారిన ప్రతిసారీ ఆట ఇంకాస్త స్ప్రింట్ ఆట అయింది. ఇప్పుడు 3x3లో అయితే షాట్ క్లాక్ 12 సెకన్లే. ఆట ఇంత మారినా మన ట్రైనింగ్ మాత్రం ఇంకా రౌండ్ల దగ్గరే ఉంది.

జేబులో డబ్బు, చేబదులు, జీతం

ఇప్పుడు కొంచెం సైన్స్. భయపడకండి, టెన్త్ బయాలజీలో చదివినదే. వాయు శ్వాసక్రియ, అవాయు శ్వాసక్రియ అని రెండు పాఠాలు ఉంటాయి కదా. అనేరోబిక్ అంటే ఆ అవాయు అన్నమాటే. ఆక్సిజన్ కోసం ఆగకుండా కండరం శక్తి తయారు చేసుకోవడం.

కండరం ఖర్చుపెట్టే నాణెం పేరు ఏటీపీ. అది సంపాదించడానికి ఒంట్లో మూడు దారులున్నాయి. ఇంటి ఖర్చులతో పోల్చి చెప్తాను.

మొదటిది జేబులో డబ్బు. కండరంలో కొద్దిగా ఏటీపీ, దాని పక్కనే క్రియేటిన్ ఫాస్ఫేట్ అనే పదార్థం రెడీగా ఉంటాయి. చెయ్యి పెడితే వచ్చేస్తుంది, ఆలస్యం లేదు. రీబౌండ్‌కి ఎగరడం, ఫస్ట్ స్టెప్ వేసి డిఫెండర్‌ని దాటడం, ఫాస్ట్ బ్రేక్‌లో దూసుకుపోవడం అన్నీ ఈ డబ్బుతోనే. కానీ జేబు చిన్నది. ఫుల్ స్పీడ్‌లో ఖర్చు పెడితే పది సెకన్లలోపే దాదాపు ఖాళీ.

రెండోది చేబదులు. కండరంలో దాచుకున్న గ్లైకోజన్‌ని ఆక్సిజన్ లేకుండా గబగబా విరగ్గొట్టి శక్తి తీస్తుంది. ఇది కూడా తొందరగానే దొరుకుతుంది. పది సెకన్లు దాటి ఒకటి రెండు నిమిషాల దాకా సాగే గట్టి పరుగులో దీనిదే పెద్ద వాటా. కానీ అప్పు కదా, ఊరికే రాదు. కండరంలో ఆమ్లత్వం పెరుగుతుంది, తొడలు మండుతాయి, కాళ్ళు రాళ్ళలా బరువెక్కుతాయి. ఏ.వి. హిల్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1920లలోనే ఇలాంటి దానికి 'ఆక్సిజన్ అప్పు' అని పేరు పెట్టాడు. కాబట్టి ఈ పోలిక నేను కొత్తగా కనిపెట్టింది కాదు.

మూడోది జీతం. అంటే ఏరోబిక్. గుండె, ఊపిరితిత్తులు, రక్తం కలిసి ఆక్సిజన్ తెచ్చి ఇస్తే వచ్చే శక్తి. నిదానంగా వస్తుంది, కానీ ఆగకుండా వస్తుంది.

అసలు కిటుకు ఎక్కడుందంటే, ఖాళీ అయిన జేబుని మళ్ళీ నింపేది జీతమే. చేసిన అప్పు తీర్చేదీ జీతమే. స్ప్రింట్ అయ్యాక మీరు ఆయాసపడుతున్నారంటే ఒళ్ళు జేబు నింపుకుంటోందన్నమాట. సుమారు అర నిమిషంలో క్రియేటిన్ ఫాస్ఫేట్ సగం దాకా తిరిగి వస్తుంది. పూర్తిగా నిండాలంటే మూడు నుంచి ఐదు నిమిషాలు కావాలి.

ఈ ఒక్క ముక్క అర్థమైతే ట్రైనింగ్ అంతా అర్థమైనట్టే. బాస్కెట్‌బాల్ ప్లేయర్‌కి రెండు కావాలి. పేలే శక్తి ఒకటి, పేలిన తర్వాత త్వరగా కోలుకునే శక్తి ఇంకొకటి. రౌండ్లు కొట్టించే కోచ్ మొదటిదాన్ని వదిలేస్తున్నాడు. గ్యాప్ ఇవ్వకుండా స్ప్రింట్లు కొట్టించే కోచ్ రెండూ దక్కకుండా చేస్తున్నాడు. అదెలాగో చూద్దాం.

విశ్రాంతి ఇవ్వకపోతే అది స్ప్రింట్ ట్రైనింగే కాదు

మీరు ఒక అబ్బాయిని 20 మీటర్లు ఫుల్ స్పీడ్‌లో పరిగెత్తమన్నారు. మూడున్నర సెకన్లలో వచ్చాడు. పది సెకన్లు ఆగి మళ్ళీ పొమ్మన్నారు. మళ్ళీ పది సెకన్లు, మళ్ళీ. ఐదోసారికి జేబు ఖాళీ. వాడు ఒళ్ళు దాచుకోవడం లేదు, నిజంగానే డబ్బుల్లేవు. ఇప్పుడు చేబదుళ్ళ మీద పరిగెడుతున్నాడు, అదీ నెమ్మదిగా. పదోసారికి జాగింగ్ చేస్తుంటాడు. మీరు మాత్రం స్పీడ్ ట్రైనింగ్ చేయించాననుకుంటారు. వాడి కాళ్ళు నేర్చుకున్నది నెమ్మదిగా పరిగెత్తడం.

అందుకని దేనికోసం పరిగెత్తిస్తున్నామో ముందే అనుకోవాలి. దాన్నిబట్టి గ్యాప్ పెట్టాలి. మూడు రకాలు చెప్తాను, రాసుకోండి.

ఒకటి, అచ్చంగా స్పీడ్. 10 నుంచి 20 మీటర్లు, రెండు మూడు సెకన్ల పరుగు. పరుగెత్తిన సమయానికి 12 నుంచి 20 రెట్లు విశ్రాంతి ఇవ్వాలన్నది ట్రైనర్లు వాడే లెక్క. చిన్న పరుగు కాబట్టి 45 సెకన్ల నుంచి ఒక నిమిషం అనుకోండి. ఆరు నుంచి ఎనిమిది సార్లు చాలు. ప్రతిదీ నూటికి నూరు శాతం స్పీడ్‌లో ఉండాలి. ఒకసారి నిలబడి మొదలుపెట్టండి, ఒకసారి డిఫెన్స్ స్టాన్స్ నుంచి, ఒకసారి రీబౌండ్ జంప్ చేసి దిగిన వెంటనే. ఆటలో మొదలయ్యేది అలాగే కదా.

రెండు, మళ్ళీ మళ్ళీ స్ప్రింట్. ఇది బాస్కెట్‌బాల్‌కి గుండెకాయ లాంటిది. బేస్‌లైన్ నుంచి అవతలి బేస్‌లైన్ దాకా 28 మీటర్లు. ప్రతి 30 సెకన్లకి ఒకటి. ఐదు సెకన్లలో చేరుకుంటే మిగతా పాతిక సెకన్లు నడుచుకుంటూ లైన్ దగ్గరికి వచ్చి నిలబడటమే. ఇలా ఆరు చేస్తే ఒక సెట్. సెట్‌కి సెట్‌కి మధ్య మూడు నాలుగు నిమిషాలు. కొత్తవాళ్ళు ఐదేసి చొప్పున రెండు సెట్లతో మొదలుపెట్టి, కొన్ని వారాలు తీసుకుని మూడు సెట్ల దాకా వెళ్ళాలి. మూడు సెట్లూ కలిపి లెక్కేస్తే 504 మీటర్లు. అంటే 400 మీటర్ల ట్రాక్ మీద ఒక రౌండు, పైన ఇంకో పావు. "ఇంతేనా!" అంటారు. చేసి చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం.

మూడు, లైన్ డ్రిల్. దీన్ని ప్లేయర్లు 'సూసైడ్' అంటుంటారు, ఆ పేరు మానేస్తే మంచిది. బేస్‌లైన్ నుంచి దగ్గరి ఫ్రీ త్రో లైన్‌కి వెళ్ళి రావాలి, తర్వాత హాఫ్ లైన్‌కి, తర్వాత అవతలి ఫ్రీ త్రో లైన్‌కి, చివరికి అవతలి బేస్‌లైన్‌కి. ఫ్రీ త్రో లైన్ బేస్‌లైన్‌కి 5.8 మీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి మొత్తం సరిగ్గా 140 మీటర్లు, ఏడు మలుపులు. సుమారు అర నిమిషం పడుతుంది. ఇది అచ్చంగా చేబదులు డ్రిల్. దీనికి నాలుగు రెట్ల విశ్రాంతి కావాలి, అంటే రెండు నిమిషాలు. మూడు నుంచి ఐదు సార్లు, వారానికి ఒక్కసారి మించి వద్దు. మ్యాచ్‌లో 1.7 సెకన్ల పరుగులు వంద ఉంటాయి కానీ అర నిమిషం ఆగకుండా ఫుల్ స్పీడ్ పరుగు దాదాపు ఉండదు. అలాంటప్పుడు రోజూ లైన్ డ్రిల్ చేయించడం ఎందుకు?

మరి జీతం సంగతి ఏంటి, ఏరోబిక్ వద్దా అంటారేమో. తప్పకుండా కావాలి, కోలుకునేది దానితోనే కదా. అయితే దానికి రౌండ్లే అక్కర్లేదు. ఫుల్ కోర్ట్‌లో ముగ్గురు ముగ్గురు చొప్పున నాలుగు నిమిషాలు ఆడించండి, మూడు నిమిషాలు ఆపండి, మళ్ళీ ఆడించండి. ఇలా నాలుగు సార్లు. పదిమంది ఆడే కోర్ట్‌లో ఆరుగురే ఉంటే ఎవరికీ నిలబడే వీలుండదు. గుండెకి పని, కాళ్ళకి మలుపులు, చేతికి బంతి, మూడూ ఒకేసారి. సీజన్ లేని రోజుల్లో వారానికి ఒకటి రెండుసార్లు మామూలు జాగింగ్ చేసినా నష్టమేం లేదు. అదే మొత్తం ట్రైనింగ్ అనుకోవడమే నష్టం.

ఎంత మెరుగైందో తెలిసేదెలా?

ఫోన్‌లో స్టాప్‌వాచ్, ఒక నోట్‌బుక్ ఉంటే చాలు. 28 మీటర్ల స్ప్రింట్లు ఆరు, ప్రతి 30 సెకన్లకి ఒకటి. ఆరు టైములూ రాయండి. ఉదాహరణకి ఒక అమ్మాయి టైములు ఇలా ఉన్నాయనుకుందాం: 4.6, 4.7, 4.8, 4.9, 5.0, 5.1. కూడితే 29.1. తన బెస్ట్ టైమ్ 4.6. ఆరు సార్లూ అదే టైమ్ వచ్చి ఉంటే 27.6 అయ్యేది. తేడా 1.5 సెకన్లు, అంటే 27.6లో 5.4 శాతం. ఈ శాతం కోలుకునే శక్తిని చూపిస్తుంది, 4.6 అనే అంకె స్పీడ్‌ని చూపిస్తుంది.

ఇప్పుడు ఎవరికి ఏం కావాలో తెలిసిపోతుంది. బెస్ట్ టైమ్ బాగుండి శాతం ఎక్కువ వస్తే కోలుకోవడం మీద పని చేయాలి. శాతం తక్కువగా ఉండి బెస్ట్ టైమే బాగా లేకపోతే స్పీడ్, కాళ్ళ బలం పెంచాలి. అందరికీ ఒకే మందు కాదు. నాలుగైదు వారాలకి ఒకసారి అదే కోర్ట్‌లో, అదే టైములో, అవే బూట్లతో మళ్ళీ చూడండి. ఒక చిన్న హెచ్చరిక. మొదటి రెండు స్ప్రింట్లు కావాలని మెల్లగా పరిగెత్తి శాతం తగ్గించుకునే తెలివిగలవాళ్ళు ఉంటారు. అందుకే ముందు విడిగా ఒక్క స్ప్రింట్ పెట్టి బెస్ట్ టైమ్ తీసుకోండి.

ప్రాక్టీస్‌లో కూడా ఇదే గడియారాన్ని కాపలా పెట్టుకోవచ్చు. ఎవరి టైమ్ అయినా వాళ్ళ బెస్ట్ కంటే పది శాతం పడిపోయిందంటే, 4.6 వాళ్ళకి 5.06 దాటిందంటే, ఆరోజుకి వాళ్ళ స్ప్రింట్లు అయిపోయినట్టే. పక్కకి వచ్చి ఫ్రీ త్రోలు వేసుకోవచ్చు.

వారం ఎలా సర్దుకోవాలి?

ఆదివారం మ్యాచ్ ఉందనుకుందాం. సోమవారం విశ్రాంతి, లేదా తేలిగ్గా షూటింగ్. మంగళవారం పది పన్నెండు నిమిషాల వార్మప్ కాగానే అచ్చమైన స్పీడ్, కాళ్ళు ఫ్రెష్‌గా ఉన్నప్పుడే. ఆ తర్వాత స్కిల్ ప్రాక్టీస్, చివర్లో ముగ్గురు ముగ్గురి ఆట. బుధవారం స్కిల్ మాత్రమే. గురువారం ప్రాక్టీస్ చివర్లో ఒక వారం మళ్ళీ మళ్ళీ స్ప్రింట్, ఇంకో వారం లైన్ డ్రిల్. శుక్రవారం టీమ్ ప్లేలు. శనివారం తేలిక. కాళ్ళు విరిగేలా పని చేసే రోజులు వారంలో రెండే అన్నమాట, మధ్యలో 48 గంటల గ్యాప్.

స్ప్రింట్‌లో స్పీడ్ అందుకోవడం ఎంత ముఖ్యమో ఆగడం అంతకంటే ముఖ్యం. మర్నాడు తొడలు, పిక్కలు పట్టేసేది లాక్టిక్ యాసిడ్ వల్ల అని చాలామంది అనుకుంటారు. లాక్టేట్ ఆట అయిన గంట, గంటన్నరలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. ఆ నొప్పి ఎక్కువగా బ్రేక్ వేసి ఆగినప్పుడు, జంప్ నుంచి దిగినప్పుడు కండరంలో పడే సన్నటి గాయాలది. మోకాలి లిగమెంట్ తెగేది కూడా చాలాసార్లు ఎవరూ తగలకుండానే, ఆగేటప్పుడో తిరిగేటప్పుడో. ఈ గాయం అబ్బాయిల కంటే ఆడపిల్లలకి ఎక్కువగా వస్తుందని ఎన్నో అధ్యయనాలు చెప్పాయి. కాబట్టి వార్మప్‌లో రెండు నిమిషాలు ఆగడం నేర్పండి. మోకాళ్ళు వంచి, నడుము కిందికి దించి, మోకాళ్ళు లోపలికి వాలకుండా. మన కోర్ట్‌లు చాలావరకు సిమెంట్‌వి. అడుగు అరిగిపోయిన బూట్లతో వాటి మీద మలుపుల డ్రిల్స్ చేయించకండి.

పన్నెండేళ్ళ లోపు పిల్లల సంగతి వేరు. వాళ్ళ ఒంట్లో చేబదులు వ్యవస్థ ఇంకా పూర్తిగా ఎదగదు. పైగా స్ప్రింట్ తర్వాత పెద్దవాళ్ళకంటే త్వరగా కోలుకుంటారు. వాళ్ళకి లైన్ డ్రిల్ పెట్టి ఏడిపించాల్సిన పనిలేదు. బంతితో ముట్టుకునే ఆటలు, రిలేలు చాలు.

మ్యాచ్ మధ్యలో కోలుకోవడం

ఫ్రీ త్రోలు వేస్తున్నప్పుడు దొరికే అర నిమిషంలో సగం జేబు నిండుతుంది. టైమ్‌అవుట్ ఒక నిమిషం. మొదటి, రెండో క్వార్టర్ల మధ్య, మూడో, నాలుగో క్వార్టర్ల మధ్య రెండేసి నిమిషాలు. హాఫ్ టైమ్ 15 నిమిషాలు. ఈ గ్యాప్‌లన్నీ ఇంధనం నింపుకునే చోట్లే. అప్పుడు రిఫరీతో వాదిస్తూ, అటూ ఇటూ తిరుగుతూ ఉంటే వృథా. నిలబడి నిదానంగా, నిండుగా ఊపిరి వదలండి. చేతులు మోకాళ్ళ మీద పెట్టి వంగితే "లేచి నిలబడు, అలిసిపోయినట్టు చూపించకు" అని అరిచే కోచ్‌లు ఉంటారు. అలా వంగితే ఊపిరి తీసుకోవడం సులువవుతుంది, అందులో తప్పేం లేదు. కోచ్‌లు కూడా ప్లేయర్ పూర్తిగా కూలబడక ముందే మార్చాలి. రెండు నిమిషాలు బెంచ్ మీద కూర్చున్న ప్లేయర్ మళ్ళీ స్పీడ్‌గా వస్తాడు.

మ్యాచ్‌కి మూడు గంటల ముందు అన్నమో, ఇడ్లీలో, చపాతీలో తినండి. గ్లైకోజన్ వచ్చేది అక్కడ్నుంచే. గంట ముందు ఆకలేస్తే అరటిపండు. ప్రాక్టీస్‌కి ముందు, తర్వాత బరువు చూసుకోండి. కిలో తగ్గితే సుమారు లీటరు నీళ్ళు పోయినట్టు. ఉప్పేసిన మజ్జిగ, ఓఆర్‌ఎస్ మంచివి.

కోలుకోలేని పిల్లలు

ఇప్పుడు చెప్పేది అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఒక పాప అందరితోపాటే ట్రైనింగ్ చేస్తోంది, కానీ రెండు స్ప్రింట్లకే ఆయాసం. ముఖం పాలిపోయి ఉంటుంది. "బద్ధకం" అని తిట్టే ముందు హిమోగ్లోబిన్ టెస్ట్ చేయించండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్ళే. జేబు నింపేది జీతం, ఆ జీతం మోసుకొచ్చేది రక్తం. రక్తమే తక్కువైతే ఏ డ్రిల్ ఏం చేస్తుంది? డాక్టర్ రాసిన ఐరన్ మాత్రలు వేసుకోవడమే ఆ పాపకి అప్పుడు అసలైన కండిషనింగ్.

రెండోది సికిల్ సెల్. పాడేరు, అరకు, ఆదిలాబాద్ లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో ఈ జన్యువు మోసే కుటుంబాలు ఎక్కువ. జబ్బు లేకుండా ఒక్క జన్యువే ఉన్నవాళ్ళు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు, చక్కగా ఆడతారు. కానీ గ్యాప్ లేకుండా వరసగా స్ప్రింట్లు కొట్టిస్తే, అదీ ఎండలో, ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి రక్తనాళాలకి అడ్డం పడే ప్రమాదం ఉంది. అమెరికాలో 2006లో ఒక యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆటగాడు వంద గజాల స్ప్రింట్లు 16 చేశాక కూలిపోయి, మర్నాడు చనిపోయాడు. అతనికి ఈ లక్షణం ఉందని ముందు ఎవరికీ తెలియదు. ఆ తర్వాత 2010లో అక్కడి కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ డివిజన్ వన్ ఆటగాళ్ళకి ఈ పరీక్ష పెట్టింది. మన దేశంలోనూ 2023లో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది, పరీక్షలు ఉచితంగా జరుగుతున్నాయి. గురుకులాల్లో ఆటలు నేర్పే సార్లు ఈ కార్డులు ఒకసారి చూసుకోండి. ఆ పిల్లల్ని ఆట మాన్పించక్కర్లేదు. మెల్లగా పెంచండి, గ్యాప్ ఇవ్వండి, నీళ్ళు ఇవ్వండి, "సార్, కాళ్ళు పట్టేస్తున్నాయి" అన్న క్షణంలో ఆపండి.

మూడోది ఎండ. మన సమ్మర్ క్యాంపులన్నీ ఏప్రిల్, మే నెలల్లోనే. పొద్దున ఏడున్నర లోపు ముగించండి, లేదా సాయంత్రం ఐదున్నర తర్వాత మొదలుపెట్టండి. పరిగెడుతున్న పిల్లాడు తూలుతున్నా, మాట తడబడుతున్నా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్తున్నా అది వడదెబ్బ అనుకోండి. 108కి ఫోన్ చేయండి. ఆంబులెన్స్ వచ్చేదాకా చూస్తూ కూర్చోకండి. నీడలోకి తీసుకెళ్ళి, బట్టలు వదులు చేసి, ఐసు నీళ్ళ టబ్బు ఉంటే తల పైకి పట్టుకుని అందులో కూర్చోబెట్టండి, లేకపోతే ఒళ్ళంతా చల్లటి నీళ్ళు పోస్తూనే ఉండండి. ముందు చల్లబరచడం, తర్వాతే తరలించడం.

పరిగెడుతుండగా ఛాతీ నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడిపోయినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా గుండె ఆగి చనిపోయి ఉన్నా డాక్టర్‌కి చూపించి, ఈసీజీ తీయించాకే ట్రైనింగ్.

ఇవన్నీ విన్నాక మీకే అర్థమవుతుంది, స్ప్రింట్లని శిక్షగా వాడటం ఎందుకు మానేయాలో. లేఅప్ మిస్ అయితే పది లైన్ డ్రిల్స్, లేటుగా వస్తే ఇరవై అని వేస్తే గ్యాప్ లెక్క ఉండదు, టైమ్ లెక్క ఉండదు. ఎవరి ఒంట్లో ఏముందో చూడం. ఆ పిల్లాడికి స్పీడ్ రాదు, ఆట మీద విసుగు వస్తుంది. ఒక్కోసారి ప్రాణం మీదకే వస్తుంది.

ఈ వారం మీ టీమ్‌తో ఒక్క పని చేయండి. ఆరు స్ప్రింట్లు, ప్రతి 30 సెకన్లకి ఒకటి, టైములు నోట్‌బుక్‌లో. ఎవరికి స్పీడ్ కావాలి, ఎవరికి కోలుకునే శక్తి కావాలి, ఎవరికి ముందు రక్త పరీక్ష కావాలి అన్నది ఆ పేజీ చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ఒక నెల తర్వాత అదే పేజీ పక్కన కొత్త టైములు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో జంప్ ఎత్తు పెంచుకోవడం, సరిగ్గా దిగడం గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా సెలవు, నమస్తే.